నల్లబల్ల మీద పై వరుస

మా చోడవరం చర్చి వరండాలో, గుమ్మానికి ఎడమచేతి వైపున, గోడకి ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద ప్రార్థన మనవులు రాసేవాళ్ళం. రాసేవాళ్ళం అంటే, రాసేది నేనొక్కదాన్నే. నా రాత గుండ్రంగా ఉంటుందని ఎవరో అన్నారు, అంతే, ఇంటర్ చదివే రోజుల్లో ఆ పని నా నెత్తిన పెట్టారు. డిగ్రీ అయిపోయినా దించలేదు. ప్రతి శనివారం సాయంత్రం పాతవి తుడిచి, ఆ వారం మనవులు రాయాలి. బస్టాండు వీధి సహోదరికి కంటి ఆపరేషను. ఫలానా సహోదరుడికి కడుపునొప్పి. రావికమతం నుంచి వచ్చే కుటుంబానికి బోరులో నీళ్ళు పడాలి. పేర్లు మాత్రం రాయకూడదు. పేరు రాస్తే పరువు పోతుందని మా పాస్టరు అయ్యగారి భయం. ఎవరి కళ్ళో ఎవరి కడుపో అందరికీ తెలుసు, అయినా సరే పేరు ఉండకూడదు.

ఆ బల్ల పైభాగంలో ఆకుపచ్చ రంగుతో ఒక గడి గీసి ఉండేది, ఒకే ఒక్క వరుస పట్టేంత. పక్కన చిన్న అక్షరాలతో "చెరపరాదు" అని. కింద ఉన్నవి వారం వారం మారతాయి, గడిలో ఉన్నది మారదు. అందరూ మానకుండా ప్రార్థించాల్సిన మనవి ఏదైనా ఉంటే దాన్ని అక్కడికి ఎక్కించేవారు. అది నెరవేరినప్పుడు కూడా తుడిచే హక్కు నాకు లేదు. ఆ ఇంటివాళ్ళే వచ్చి తమ చేత్తో తుడవాలి. తుడిచాక సంఘమంతటికీ టీ, బిస్కెట్లు. అందుకని పచ్చగడి ఖాళీగా కనిపించిందంటే ఎవరింట్లోనో మంచి జరిగిందన్నమాట.

ఈమధ్య నేనూ ఒక బ్లాగు రాసుకుంటున్నాను, వంటలూ పాత కబుర్లూ. అందులో ఒకటి రెండు పోస్టుల్ని అన్నిటికన్నా పైన గుచ్చి ఉంచే సదుపాయం ఉంది. కొత్తవి ఎన్ని వచ్చినా అవి కదలవు. మా అమ్మాయి అదేదో గొప్ప విషయంలా చూపించింది. నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. దాని మంచీ చెడ్డా నేను తొంభైల్లోనే, చోడవరంలోనే చూసేశాను. ఒకప్పుడు ఆ పచ్చగడిలో మా ఇంటి మనవి ఉండేది.

అన్నయ్య గాజువాక దగ్గర ఒక వర్క్‌షాపులో వెల్డరు. మా చుట్టుపక్కల ఊళ్ళ మగపిల్లలు చాలామంది అలాగే విశాఖపట్నం వెళ్ళి ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు లోపల పనిలో ఉండేవారు. నాన్న మా చిన్నప్పుడే పోయారు కాబట్టి ఇల్లు అన్నయ్య మీదే నడిచేది. ఒకరోజు పనిలో ఉండగా పైనుంచి ఇనపముక్క జారి అతని తలకి తగిలింది. కుట్లు వేశారు, మానాయి. బాగానే ఉందని డాక్టరు ఇంటికి పంపేశాడు. కానీ బాగాలేదు. బజారుకని వెళ్ళి రోడ్డు మధ్యలో నిలబడిపోయేవాడు. పిలిస్తే మన మొహంలోకి చూస్తాడు, మాట రాదు, తనెవరో మనమెవరో తెలిసినట్టుండదు. నేనో అమ్మో చేయి పట్టుకుంటే మాత్రం బుద్ధిగా వెంట వచ్చేసేవాడు. మర్నాడు మామూలే. కాఫీ తాగుతూ నా జడ గురించి ఏడిపించేవాడు.

ఇది బయటికి పొక్కకూడదంది అమ్మ. అప్పుడే రోలుగుంట వైపు ఒక సంబంధం మాటల్లో ఉంది. తలకి దెబ్బ తగిలిందని తెలిస్తే పిల్లనెవరిస్తారు? "కుట్లు పడ్డాయి, తగ్గిపోనాది. అడిగితే అదే సెప్పు, ఇంకేటీ సెప్పకు" అంది నాతో. అడిగినవాళ్ళకి అదే చెప్పాను.

వేసవి చివర్లో ఒక పొద్దున్న సైకిలుకి గాలి కొట్టించుకొస్తానని వెళ్ళాడు. మధ్యాహ్నానికి కూడా రాకపోతే నేను షాపుకి వెళ్ళాను. సైకిలు గోడకి ఆనించి ఉంది, గాలి కొట్టి ఉంది. అన్నయ్య లేడు. వాన వచ్చేలా ఉందని షాపతను సైకిల్ని లోపల పెట్టమన్నాడు. నేను దాన్ని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చేశాను.

పోలీసు స్టేషన్లో ఫొటో ఇచ్చాం. మా మావయ్య విశాఖపట్నం వెళ్ళి పాత వర్క్‌షాపూ, బస్ కాంప్లెక్సూ, పెద్దాసుపత్రీ తిరిగొచ్చాడు. ఆ తిరుగుడు తిరిగినన్నాళ్ళు తిరిగి, చెరకు పని మొదలవగానే తన పొలానికి తను వెళ్ళిపోయాడు. ఆయన్ని అనడానికేం లేదు.

అయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, బల్ల మీద ఏమని రాయిద్దామని అడిగారు. అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మావోడు తప్పిపోనాడు అయ్యగారూ, ఇంటికొచ్చెయ్యాలని రాయించండి" అంది. దెబ్బ మాట ఎత్తలేదు. అంతవరకూ గడిలో వానల కోసం ఒక మనవి ఉండేది. వానలు పడ్డాయి కాబట్టి మాది ఎక్కించమన్నారు. నేను స్టూలు మీద నిలబడి రాశాను: "తప్పిపోయిన సహోదరుడు ఇల్లు చేరవలెను." అక్షరాలు బాగా కుదిరాయి. చేతికంటిన సుద్ద కడుక్కుని ఇంటికొచ్చాను. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అన్నం తిన్నాను, పిల్లలకి ట్యూషను చెప్పాను, పడుకున్నాను. అప్పట్నించీ చాలాకాలం నా ఒంట్లో ఏదో తిమ్మిరి పట్టేసి, వదలకుండా అలాగే ఉండిపోయింది.

మొదటి ఆదివారాలు అందరూ ఆ వరుస చదివేవారు. చదివి, వెనక్కి తిరిగి మా అమ్మ ఎక్కడ కూర్చుందో చూసేవారు. ఆడవాళ్ళు వచ్చి చేయి నొక్కి, గొంతు తగ్గించి ఓదార్చేవారు. మగవాళ్ళు బిగ్గరగా ప్రార్థించేవారు: "తండ్రీ, ఆ సహోదరునికి బుద్ధి దయచేయుము. అతని హృదయమును తిప్పుము." నేను ఆమెన్ అనేదాన్ని. బుద్ధి ఎందుకని ఆలోచించే ఓపిక లేదు. మీవాడు ఎలాంటి చొక్కా వేసుకున్నాడు, ఎటు వెళ్ళాడు అని ఎవరూ అడగకపోవడం కూడా అప్పుడు నాకు వింతగా తోచలేదు. మర్యాద అనుకున్నాను.

తర్వాత తర్వాత చదవడం మానేశారు. కొత్తది ఎప్పుడూ కింద ఉంటుంది కదా, వచ్చినవాళ్ళ కళ్ళు గడి మీంచి జారిపోయి తిన్నగా కిందకి దిగిపోయేవి. గోడకి మేకు ఉన్నట్టు మా మనవి అక్కడ ఉంది, అంతే. అసలు దాన్ని పైన పెట్టిందే అందరూ చూడాలని. పైన ఉండబట్టే ఎవరూ చూడలేదు. ఈ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. శనివారం వెళ్ళి కిందవన్నీ తుడుస్తాను, పైది అలాగే వదిలేస్తాను. సుద్ద వెలిసిపోతే అదే అక్షరం మీద మళ్ళీ దిద్దుతాను. దిద్దీ దిద్దీ ఆ అక్షరాలు నా చేతి కిందే ఏదో తెలియని భాషలా అయిపోయాయి.

చదవకపోయినా ఆ గడి మీద కన్ను మాత్రం కొందరికి ఉండేది. పదో తరగతి పరీక్షకి కూర్చునే కొడుకున్న ఒకావిడ నన్ను వరండాలో పట్టుకుని, "మీది సాలా కాలం నించీ ఉంది కదమ్మా, మావోడి పరీచ్చలయ్యేదాకా ఇస్తే ఏటి?" అంది. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు అడిగినట్టు అడిగింది. "ఇస్తానండి, మావాణ్ణి తెచ్చివ్వండి, వెంటనే దిగిపోతాం" అన్నాను. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. ఆ తర్వాతి వేసవిలో కొడుకు ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు, మా గడితో పనిలేకుండానే.

దసరా సెలవుల్లో అనుకుంటాను, స్త్రీల కూడిక మా ఇంట్లో జరిగింది. అందరూ వెళ్ళిపోయాక గాజులు అమ్మే అత్త ఒక్కావిడ మిగిలింది. మాకేం చుట్టం కాదు, చర్చిలో అందరికీ అత్తే. చుట్టుపక్కల సంతలన్నీ తిరుగుతుంది. అమ్మ టీ ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, గాజుల పెట్టె దగ్గరికి లాక్కుంది.

"వొదినా, నువ్వేటీ అనుకోకు. మీవోడు నాకు వడ్డాది సంతలో అగుపడ్డాడు."

అమ్మ చేతిలో ఖాళీ గ్లాసులు ఉన్నాయి. వాటిని అలాగే పట్టుకుంది.

"ఎప్పుడు?"

"వానలప్పుడు. బెల్లం బళ్ళ కాడ నిలబడి ఉన్నాడు. నా కేసి సూసేడు, మల్లీ అటు తిరిగిపోనాడు. సిగ్గుపడతన్నాడు కాబోలని నాను పలకరించలేదు."

"సిగ్గేటి?" అన్నాను నేను.

"మరి తప్పిపోనోడు కదే గుంటా! అలాటోల్ల ఎంటపడకూడదు, బుద్దొచ్చి ఆల్లంతట ఆల్లే రావాలని అయ్యగారు సెప్పలేదేటి? మనం పట్టుకొస్తే మల్లీ పోతారు. అందుకే ఊరుకున్నాను. ఎవరికీ సెప్పలేదు కూడాను, మీ పరువని."

అప్పుడు అర్థమైంది. తప్పిపోవడం అన్న మాటకి మా ఇంట్లో ఒక అర్థం, చర్చిలో ఇంకో అర్థం. సంతలో పిల్ల తప్పిపోయిందంటే పోలీసు వెతుకుతాడు. చర్చిలో సహోదరుడు తప్పిపోయాడంటే తాగుడుకో, పేకాటకో, పరాయి ఆడదాని వెంటో పోయాడని. ప్రసంగాల్లో ఏళ్ళ తరబడి మేమూ ఆ అర్థంలోనే విన్నాం. అలాంటివాడి కోసం ప్రార్థించాలి, ఎదురుచూడాలి. వెతకకూడదు. బుద్ధి దయచేయుమని అంతమంది అరిచింది అందుకే. మా అన్నయ్యకి బుద్ధి కాదు, చేయి పట్టుకునేవాళ్ళు కావాలి. ఎవరు పట్టుకున్నా వచ్చేసేవాడు.

నాకు కోపం రావాలి. గాజులత్త మీదో, ఆ మాట మీదో, దెబ్బ దాచమన్న అమ్మ మీదో. గట్టిగా అరవగలిగితే బాగుండునని మాత్రం అనిపించింది. అరవలేదు. అమ్మ ఆవిణ్ణి ఒక్కటే అడిగింది.

"సన్నబడిపోనాడా?"

"కొంచెం" అంది అత్త. అప్పటికి ఆవిడకీ ఏదో తేడాగా ఉందని తెలిసినట్టుంది. గాజుల పెట్టె ఎత్తుకుని గబగబా వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మా నేనూ వడ్డాది వెళ్ళాం. బెల్లం బళ్ళ దగ్గర ఒకాయన గుర్తుపట్టాడు. "ఆ మూగోడా? ఈడే ఉండీవోడు. టీ ఇస్తే తాగీవోడు. ఎవరైనా వస్తారేమోనని సూసేం. ఎవరూ రాలేదు" అన్నాడు. మూగవాడు కాదని అమ్మ చెప్పబోయి ఊరుకుంది. ఇప్పుడు ఎక్కడున్నాడంటే తెలియదన్నాడు. రోలుగుంట వైపు చెరకు లారీ వెనక నడిచి వెళ్ళడం చూశానని ఇంకొకతను అన్నాడు. రోలుగుంట వెళ్ళాం. అక్కడ ఎవరూ చూడలేదు. మళ్ళీ వెళ్ళాం. ఆ సంబంధంవాళ్ళ ఇంటి ముందునుంచే నడిచాం, వాళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎవర్నీ పలకరించలేదు.

చర్చిలో లేచి అన్నీ చెప్పెయ్యమని అమ్మని అడిగాను. నలుగురి ముందూ నిలబడలేనంది. "బల్ల మీద రాయి. సాలు" అంది. ఆ శనివారం నేను పాత వరుస తుడిచి కొత్తది రాశాను: "తలకు దెబ్బ తగిలి దారి మరచిన సహోదరుడు. కనబడినచో చేయి పట్టుకొని తీసుకురండి." గడిలో పట్టడానికి అక్షరాలు చిన్నవి చెయ్యాల్సొచ్చింది.

ఆదివారం నేను వరండాలోనే నిలబడి చూశాను. ఒక్కొక్కరే వచ్చారు, చెప్పులు విడిచారు, కింది వరుసలు చదివారు, లోపలికి వెళ్ళారు. అయ్యగారు ఆరోజు వేరే ఊరి ఆరాధనకి వెళ్ళారు. ప్రార్థన నడిపించిన పెద్దాయన కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే, "తప్పిపోయిన సహోదరునికి బుద్ధి దయచేయుము" అన్నాడు. జనం ఆమెన్ అన్నారు. మరుసటి వారం అయ్యగారితో చెప్పాను. ఆయన చాలా బాధపడి ప్రసంగం చివర ప్రకటించారు కూడా. అప్పటికి సగంమంది భోజనానికి లేచిపోతున్నారు. మిగిలినవాళ్ళు విన్నారు, అయ్యో అన్నారు. ఆ పై ఆదివారం మళ్ళీ బుద్ధే.

డిసెంబరులో క్రిస్మస్‌కని చర్చికి సున్నాలు వేయించారు. పనిలో పనిగా నల్లబల్లకీ రంగు వేశారు. చక్కగా నల్లటి నలుపు, దాని మీద కొత్తగా గీసిన పచ్చగడి. రంగువేసే మనిషికి "చెరపరాదు" అన్నది చెరిపి మళ్ళీ రాయడం తప్ప ఇంకేం తెలుస్తుంది? అతను అదే చేశాడు. గడి లోపల ఏమీ లేదు. రంగు ఆరేదాకా సుద్ద పట్టదు, శనివారం రాద్దువుగానిలే అన్నారు నాతో. సరే అన్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం నేను వాకిట్లో పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తున్నాను. అమ్మ బజారు నుంచి వచ్చింది. వచ్చింది కాదు, పరిగెత్తుకొచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు, కూరల సంచీ లేదు. నా వైపు చూడకుండా లోపలికి పోయింది. ముందు గదిలో చూసి, వంటింట్లో చూసి, పెరట్లోకి వెళ్ళి స్నానాలగది తడిక తీసి చూసింది. మళ్ళీ ముందుకి వచ్చింది. మా అమ్మ మొహం అలా వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"ఏడే?" అంది.

"ఎవరమ్మా?"

"అన్న! వచ్చేసేడంట గదా! బజార్లో అందరూ సెప్తన్నారు. కేరల్స్ నేర్సుకోడానికి ఎల్లినోల్లు సూసేరంట, గడి కాలీగా ఉందంట, నువ్వే తుడిసేవంట!"

పిల్లలు ఎక్కాలు ఆపేసి మమ్మల్ని చూస్తున్నారు. రంగు వేశారమ్మా, అన్నాను. బల్లకి రంగు వేశారు, అంతే, అన్నాను. అమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గుమ్మానికి జారబడి అక్కడే కూర్చుండిపోయింది. వేళ్ళతో అరికాలు తడుముకుంది, ఏదో గుచ్చుకున్నట్టుంది. నేను పిల్లల్ని పంపించేశాను.

కాసేపటికి గేటు చప్పుడైంది. చర్చివాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు, అరటిపళ్ళ హస్తం ఒకటి పట్టుకుని, మొహాలు విప్పార్చుకుని వస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ చేతిలో మా కూరల సంచీ కూడా ఉంది.

"దేవుడు ఆలకించేడు వొదినా! ఏడీ గుంటడు? ఒక్కసారి సూసి ఎల్లిపోతాం."

చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. అమ్మ అప్పటికే లేచి నిలబడింది. సంచీ అందుకుంది, అరటిపళ్ళు అందుకుంది.

"ఇప్పుడే అన్నం తిని తొంగున్నాడమ్మా" అంది. "బాగా అలిసిపోయి ఉన్నాడు. లేపొద్దు."

వాళ్ళు గొంతు తగ్గించారు. పడుకోనీ, పడుకోనీ అనుకుంటూ మునివేళ్ళ మీద నడిచినట్టు వెళ్ళిపోయారు. అమ్మ గేటు గడియ వేసి వచ్చి, పళ్ళు లోపల పెట్టి, పొయ్యి వెలిగించింది. ఆ రాత్రి ఇద్దరం చారన్నం తిన్నాం.

మర్నాడు సాయంత్రం సుద్దముక్కలు తీసుకుని చర్చికి బయలుదేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"పై వరస రాయకే" అంది.

"రాయకపోతే ఎలాగమ్మా? అబద్ధం ఎన్నాళ్ళు దాగుతుంది?"

"ఈ ఒక్క ఆదివారమే. ఆల్లందరి లెక్కలో మనోడు ఇంటికొచ్చేసేడు కదే." నా భుజం మీద చేయి వేసింది. "ఒక్క వారం ఇంట్లో ఉండనీ."

చర్చిలో ఎవరూ లేరు. స్టూలు ఎక్కకుండా పక్కకి జరిపేశాను. గడి కింద నుంచి మొదలుపెట్టాను. బస్టాండు వీధి సహోదరికి రెండో కన్ను ఆపరేషను.